గాలి ఆడని పెట్టె

గోదావరిఖని
9-3-2013

చెల్లె అనసూర్యకు,

బావ బల్లార్షాకు చేరాడని మీ వదిన ఫోనులో విని, పలక మీద రాసి చూపించింది. మీరిద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు, నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పలక మీదకు వచ్చింది మాత్రం రెండే ముక్కలు: 'చేరిండు. మంచిగున్నరు.' మిగతా మాటలన్నీ ఏమయ్యాయని అడిగితే "ఏముంటయి, ఆడోళ్ళ ముచ్చట్లు" అని చెయ్యి ఊపింది. అందుకే నువ్వు ఉత్తరం రాయి. ఇరవై మూడేళ్ళు బొగ్గుబాయిలో మందు పేల్చి చెవులు పోగొట్టుకున్నవాడికి పోస్టుమానే దిక్కు.

మొగిలి బావ మూడు రోజులుండి మన గాజుల దుకాణంలో నాలుగు కెమెరాలు బిగించి పోయాడు. నా వీపు నేను చూసుకోవడం ఇదే మొదటిసారి. నెత్తి మీద వెంట్రుకలు ఇంతగా పోయాయని మీరెవ్వరూ నాకు చెప్పలేదు. ఇదివరకు ఆడవాళ్ళు వచ్చి నా వెనక నిలబడి "అన్నా, ఓ నర్సింగమన్నా" అని పిలిచి పిలిచి, విసుక్కుని పక్క దుకాణానికి పోయేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా తెర ఉంది. ఎవరు గుమ్మం ఎక్కినా కనపడుతుంది. ఆ ఒక్కదాన్ని చూసుకుంటూ నేను మళ్ళీ దుకాణదారుణ్ణయ్యాను.

అయితే భయం కూడా ఉంది. పోయిన నెల మంచిర్యాలలో ఒక బట్టల దుకాణంలో దొంగలు పడి, చీరలతోపాటు కెమెరాల బొమ్మలు దాచే పెట్టెను కూడా ఎత్తుకుపోయారట. అది పోయాక కెమెరాలు ఎన్ని ఉంటే ఏం లాభం? బావ దీనికి మంచి ఉపాయం చేశాడు. గల్లా కింద ఒక ఉత్త పెట్టెను పెట్టి, దానికి నాలుగు వైర్లు తగిలించాడు. దొంగ వస్తే దాన్నే పీక్కుపోతాడు. అసలు పెట్టె రేకుల కింద అటక మీద ఉంది. ఈ సంగతి ముగ్గురికే తెలుసు: నాకు, మీ వదినకు, బావకు. ఇప్పుడు నీకు.

బావ పోయాక నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. బసంత్‌నగర్‌లో తెలిసిన వెల్డరుతో ఇనుప పెట్టె చేయించి, మూత చుట్టూ రబ్బరు వేయించి, అసలు పెట్టెను అందులో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. వైర్లు పోయే బొక్కను మెత్తటి మట్టితో కూరాను, బాయిలో మందు పెట్టిన బొక్కను కూరినట్టే. ఎలుక కాదు, చీమ కూడా దూరదు. బావకు చెప్పు, సంతోషిస్తాడు.

అసలు ముచ్చట మర్చిపోయాను. నీకు ఒడిబియ్యం పోసి ఐదేళ్ళు నిండాయి. ఈ శ్రావణంలో మళ్ళీ పోయాలని మీ వదిన తనే అన్నది. నువ్వూ బావా ఇప్పటినుంచే మనసులో పెట్టుకోండి. నువ్వు వచ్చి ఆ మూడు రోజులూ మా ఇంట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగితే, నాకు వినపడకపోయినా ఇల్లు నిండినట్టు ఉంటుంది.

నీ అన్న,
నర్సింగం


బల్లార్షా
21-3-2013

అన్నకు అనసూర్య దండాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు వంట ఆలస్యమైంది. నాలుగుసార్లు చదివాను. మీ బావ మోటార్లకు తీగ చుట్టే పనిలో ఉండి "ఎన్నిసార్లు సదువుతవే, పరీక్ష ఉన్నదా?" అన్నాడు.

నీ నెత్తి సంగతి మాకు పదేళ్ళ నుంచి తెలుసు. చెప్తే నువ్వు బాధపడతావని ఊరుకున్నాం. అయినా బొగ్గు పట్టిన ఆ చేతులతో నువ్వు ఆడవాళ్ళకు గాజులు ఎక్కిస్తుంటే పగలకుండా ఎట్లా ఉంటున్నాయో నాకు అర్థం కాదు.

ఇనుప పెట్టె సంగతి చదివి వినిపిస్తే మీ బావ సంతోషించలేదు. తీగ కింద పెట్టి, "గట్ల మూస్తె ఎట్ల? దానికి గాలి ఆడాలె. లోపల సక్రం తిరుగుతది, కాగుతది. మట్టి తీసెయ్యుమని రాయి, జల్ది రాయి" అన్నాడు. రాశాను మరి. మర్చిపోకు, మట్టి తీసెయ్యి.

ఒడిబియ్యం అన్నావు కదా, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇక్కడ మా వాడలో అందరూ మరాఠీ వాళ్ళు, మంచివాళ్ళే. కానీ తల్లిగారింటి బియ్యం ఒడిలో పడితే ఎట్లా ఉంటుందో వాళ్ళకు చెప్పడం నాకు రాదు. పోయినసారి పోసినప్పుడు మన అమ్మ ఉంది. ఇప్పుడు నువ్వూ వదినా తప్ప నాకు ఎవరున్నారు? నాన్న పోయిన ఏడు నాకు తొమ్మిదేళ్ళు, నీకు ఇరవై ఒకటి. షిఫ్టు దిగి వచ్చి, మొహం కడుక్కోకుండానే నాకు జడ వేసేవాడివి. నా రిబ్బనుకు ఎప్పుడూ నల్ల మరక ఉండేది. బడిలో ఆడపిల్లలు నవ్వితే కొట్లాడేదాన్ని.

పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి రామగుండంలో దిగుతాం. ఇంత దగ్గరుండి ఏడాదికి ఒకసారి చూసుకుంటున్నాం. ఏప్రిల్ నెలాఖరులో రెండు రోజులు వీలు చూసుకుని వస్తాం, శ్రావణం దాకా ఆగలేను.

సంధ్య వదినను అడిగానని చెప్పు. ఫోనులో చెప్పాను కానీ నువ్వు చెప్తే వేరు.

నీ చెల్లె,
అనసూర్య


గోదావరిఖని
14-5-2013

చెల్లె అనసూర్యకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను.

మే ఐదున పెద్దపల్లిలో పెళ్ళి ఉంటే ఇద్దరం పోయాం. మర్నాడు వచ్చి చూస్తే దుకాణం షట్టర్ వంచి ఉంది. గాజుల జోలికి ఎవరూ పోలేదు. అద్దాల బీరువా పగలగొట్టారు. అందులో మీ వదిన బంగారు గుండ్ల పేరు ఉంది. వాళ్ళమ్మ సారవ్వ పోయే ముందు తన మెడలోంచి తీసి మీ వదిన మెడలో వేసినది, నీకు తెలుసు కదా. ఇంట్లో ఎందుకు, దుకాణంలో కెమెరాలున్నాయి కదా అని ఉగాది ముందే అక్కడికి మార్చింది. ఆ ఖాళీ డబ్బా ముందు కూలబడి ఏడ్చింది. ఏడుపు వినపడకపోవడం మంచిదని నీవు అనుకుంటావేమో. కాదు. చూడడం ఇంకా కష్టం.

గల్లా కింది ఉత్త పెట్టెను దొంగలు పీక్కుపోయారు. అది చూసి నేను "మన ఉపాయం పారింది, అసలుది పైన పదిలంగున్నది" అని గట్టిగా అరిచాను. మార్కెట్లో రేడియోలు, టీవీలు బాగుచేసే సదయ్యను పిలిపించి పై పెట్టె దించాం. దొంగతనం నాటి బొమ్మలు అందులో లేవు. ఆ ముందు రోజువీ లేవు.

ఇప్పుడు రాసేది ఎట్లా రాయాలో తెలియడం లేదు. ఏప్రిల్‌లో మీరు వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం, నేను అన్నానికి ఇంటికి పోయిన సమయంలో, బావ నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడని మీ వదిన అంటున్నది. తను దుకాణంలోనే ఉండి చూసిందట. 'పెట్టె ఏడున్నదో ఎర్క ఉన్నది ముగ్గురికే' అని పలక మీద రాసి నా ముందు పెట్టింది. నేను తుడిచేశాను. మళ్ళీ రాసింది.

బావ ఎందుకు ఎక్కాడో అడిగి ఒక్క ముక్క రాయి. ఊరికే అడుగుతున్నాను, మనసులో ఏమీ పెట్టుకోకు. ఇక్కడ ఎండలు చెప్పలేనట్టు ఉన్నాయి.

అన్న


బల్లార్షా
23-5-2013

అన్నకు,

ఊరికే అడిగాననడానికి నువ్వు మూడు కాగితాలు చింపావా?

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. దాచితే నేనూ అనుమానించినట్టు అవుతుంది కదా. ఆయన చుట్టుతున్న తీగను చివరిదాకా చుట్టాడు. తర్వాత "ఎక్కిన. చెయ్యి పెట్టి సూసిన. తాళమున్నది, దిగిన. నేనేం ముట్టలే" అన్నాడు. అంతే. ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. చంద్రాపూర్‌లో రెండు దుకాణాల వాళ్ళు కెమెరాలు పెట్టాలని పిలిస్తే, ఆ పని మానేశానని చెప్పి పంపాడు. ఇప్పుడు మోటార్ల తీగలు తప్ప ఇంకేమీ ముట్టుకోవడం లేదు.

అన్నా, ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది, నేను సర్దిచెప్పేదాన్ని. ఇట్లా మూగగా ఉంటే ఏం చేయను?

ఆయన నీకు బావ అయి పంతొమ్మిదేళ్ళు. మన అమ్మ దవాఖానలో ఉన్నప్పుడు నీకు డ్యూటీ, నేను బాలింతను, ఆయనే పదకొండు రోజులు మంచం పక్కన కింద పడుకున్నాడు. వదినకు బంగారం పోయింది, ఏదైనా అంటుంది. వాళ్ళమ్మ గుర్తు అది. వదిన మాటను నేను పట్టించుకోను. నాకు కావలసింది నీ మాట. నువ్వు పలక తుడిచానని రాశావు. 'మొగిలి బావ అట్లాంటోడు కాదు' అని ఆ పలక మీదే నువ్వు ఎందుకు రాయలేదు?

శ్రావణం గురించి ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. చూసుకున్నాను.

అనసూర్య


గోదావరిఖని
20-6-2013

చెల్లె అనసూర్యకు,

వానలు మొదలయ్యాయి. నీ ఉత్తరం వచ్చి నెల కావస్తోంది, జవాబు రాయలేదని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నాకు వినపడదు కదా. నవ్వించాలని రాశాను కానీ రాశాక నాకే నవ్వు రాలేదు.

పెట్టె సంగతి ఇక వదిలేద్దాం. పోయింది పోయింది. స్టేషనులో కాగితం రాసిచ్చాం, దొరికితే దొరుకుతుంది. బావను నేను ఏమీ అనలేదని చెప్పు.

ఈ నెలంతా నువ్వే గుర్తొస్తున్నావు. నిన్న ఒకామె తన చెల్లెతో వచ్చింది. చెల్లె చెయ్యి పట్టుకుని గాజులు ఎక్కిస్తుంటే, నీ పెళ్ళి ముందు నేను గాజులామెను పిలిపించింది గుర్తుకొచ్చింది. ఆమె నీ చెయ్యి నొక్కితే నీకు నొప్పయ్యి నా అంగీ పట్టుకున్నావు. అప్పుడు నాకు చెవులున్నాయి, నువ్వు "అన్నా" అన్నది విన్నాను. నీ గొంతు ఇప్పుడు ఎట్లా ఉందో నాకు తెలియదు. నా తలలో ఇంకా ఆ గొంతే ఉంది.

మా పాత వాడ ముత్యం పనిమీద బల్లార్షాకు వస్తున్నాడు. అతని చేతికి నాలుగు డజన్ల గాజులు ఇచ్చి పంపుతున్నాను. ఆకుపచ్చవి, నీ సైజు. వేసుకో.

అన్న


బల్లార్షా
8-7-2013

అన్నా,

గాజులు ముత్యం చేతికే తిరిగి ఇచ్చేశాను. పాపం ఆయన "నేనేం జేసిన బిడ్డా" అని బిక్కమొహం వేశాడు. ఛాయ్ తాగించి పంపాను.

నేనేమైనా తెలియనిదాన్నా? ఒడిబియ్యం పోసే ఏడు గాజులూ చీరా నా చేతికి ఇచ్చేది మా ఇంటి గుమ్మం ముందు కాదు, మన ఇంటి దేవుని ముందు. అవి ముందే పరాయివాని చేతిలో పంపావంటే దాని అర్థం, బియ్యం ఈ ఏడు లేనట్టే, గాజులతో సరిపెట్టుకొమ్మని. నువ్వు అట్లా అనుకుని పంపలేదేమో. నాకు మాత్రం అట్లాగే తాకింది. ఆ పక్కరోజే వదిన ఫోను చేసి "శ్రావణంల నువ్వొక్కదానివి రా" అన్నది. ఒక్కదాన్నే! నీవే చెప్పించావని నేను అనుకుంటున్నాను. కాకపోతే కాదని రాయి.

ఆయన లేకుండా నేను రాను. ఆయన బయట అరుగు మీద కూర్చుని ఉంటే నేను లోపల ఒడి పట్టుకోవడం నావల్ల కాదు. ఇట్లా అయితే నాకు తల్లిగారిల్లు లేనట్టే అనుకుని బతుకుతాను. రాశాను కానీ, ఈ ముక్క రాయడానికి నాకు ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు. మధ్యాహ్నం రామగుండం నుంచి వచ్చే రైలు కూత మా ఇంటికి వినపడుతుంది. రోజూ చేతిలో పని ఆగుతుంది. ఎవరూ రారని తెలుసు, అయినా ఆగుతుంది.

ఒక్కటే అడుగుతున్నాను, దీనికి సూటిగా జవాబు రాయి. మీ బావ ఆ పెట్టెను ఆపిపోయాడని నువ్వు నమ్ముతున్నావా? 'అవును' అని రాసినా సరే. నాకు తెలియాలి.

అనసూర్య


గోదావరిఖని
1-8-2013

చెల్లె అనసూర్యకు, మొగిలి బావకు,

నేను నమ్మలేదు. ఒక్క రోజు కూడా నమ్మలేదు. బావ తప్పు లేదని నాకు మే ఆరో తారీఖు సాయంత్రమే తెలుసు.

ఆ రోజు సదయ్య పెట్టె దించి, ఇనుప మూత తీసి, లోపలి చక్రాన్ని పరీక్ష చేశాడు. నాకు చెప్తే వినపడదని కాగితం మీద రాసిచ్చాడు. అది ఇప్పుడు నా ముందు ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: 'గాలి లేక కాగి చెడిపోయింది. ఉగాది రోజు వరకే బొమ్మలు ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ ఎక్కలేదు. మట్టి ఎవరు పెట్టారు?'

ఉగాది ఏప్రిల్ పదకొండున. మీరు వచ్చింది ఇరవై ఏడున. ఆ పెట్టె మీరు రాకముందే, రెండు వారాల కిందే చచ్చింది. ఎదుట తెర మీద బొమ్మ ఆడుతూనే ఉండింది కనుక ఎవరికీ అనుమానం రాలేదు. చివరి బొమ్మలో మీ వదిన నాకు ఉగాది పచ్చడి గ్లాసు ఇస్తున్నది. సదయ్య చూపించాడు. దాన్ని చంపింది నేనే. నువ్వు మార్చిలోనే రాశావు, మట్టి తీసెయ్యమని. చదివాను. తీయలేదు. 'తీగలు చుట్టేవాడికి ఏం తెలుసు, మందు కాపాడినవాణ్ణి నేను' అనుకున్నాను. మందు పెట్టెకు గాలి సోకొద్దు, తడి సోకొద్దు, నిప్పు సోకొద్దు. ఇరవై మూడేళ్ళు అదే నేర్చుకున్నాను. కాపాడడమంటే మూయడమే అనుకున్నాను.

సదయ్య ఆ కాగితం ఇచ్చినప్పుడు మీ వదిన బీరువా ముందు కూర్చుని ఉంది. ఆ గుండ్ల పేరును ఇంట్లోంచి దుకాణానికి తెచ్చింది నా గొప్పలు విని. 'నా పెట్టెలకు చీమ కూడా పోదు' అని నేను వారం రోజులు అన్నాను. ఇప్పుడు పోయి నావల్లే దొంగల మొహాలు లేకుండా పోయాయని ఎట్లా చెప్పను? రేపు చెప్దామని కాగితం జేబులో పెట్టుకున్నాను. సదయ్యకు చేతులు పట్టుకుని చెప్పాను, అతను ఊరుకున్నాడు. మర్నాడు ఆమె పలక మీద బావ పేరు రాసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మే నెలలో ఒక రోజు ఆమె నా ఎదురుగా నిలబడి "మొగిలే దొంగ" అన్నది. నాకు వినపడదు కానీ పదేళ్ళుగా పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటైంది. పట్టుకున్నాను. తల దించుకుని గాజులు తుడుస్తూ, విననట్టు ఉన్నాను. చెవిటితనం నాకు పనికొచ్చింది ఆ ఒక్క రోజే.

బాయిలో ఒక కట్టుబాటు ఉంది. పెట్టిన మందు ఒక్కొక్కసారి పేలదు. అప్పుడు పేల్చినవాడు ఆ చోటు గుర్తుపెట్టి, పుస్తకంలో రాసి, తర్వాతి షిఫ్టువానికి తన నోటితో చెప్పి గానీ పైకి రావద్దు. చెప్పకుండా వస్తే, ఆ వచ్చినవాడు తెలియక అక్కడే డ్రిల్లు పెడతాడు. మనిషి మిగలడు. పేలకపోవడం తప్పు కాదు, ఎవరికైనా అవుతుంది. చెప్పకపోవడమే తప్పు. నేను పదకొండుసార్లు రాశాను, పదకొండుసార్లూ నిలబడి చెప్పాను. ఈసారి చెప్పకుండా పైకి వచ్చేశాను, డ్రిల్లు బావ చేతిలో ఉంది.

ముత్యం గాజులు తిరిగి తెచ్చిన రోజు నీ ఉత్తరం కూడా వచ్చింది. మూట విప్పితే సగం పగిలి ఉన్నాయి. వాటిని ఏరుతుంటే వేలు తెగింది. ఆ రోజూ చెప్పలేదు చూడు, ఇంకా మూడు వారాలు పట్టింది. నిన్న కాక మొన్న తెలంగాణ ఇస్తామన్నారని చౌరస్తాలో జనం పటాకులు కాలుస్తున్నారు. దుకాణం మూసి ఇద్దరం చూస్తున్నాం. మీ వదిన చాలా రోజుల తర్వాత నవ్వింది. నా భుజం పట్టుకుని "అనసూర్య ఉంటె మంచిగుండు" అన్నది. పెదవులు చూసి పట్టుకున్నాను. ఇక ఆగలేకపోయాను. అక్కడే జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను.

చదివింది. ఇంటికి నడిచాం. నిన్నంతా పలక ముట్టలేదు. ఈ పొద్దున రాసింది: 'గుండ్ల పేరు పోతె పాయె. మొగిలన్న మొఖం ఎట్ల జూడాలె?' నేను ఫోను చూపించాను. తల అడ్డంగా ఊపి, 'ఫోన్ల అడిగేది కాదు. ఇంటికి పోయి బొట్టు పెట్టి అడుగాలె' అని రాసింది.

'నువ్వొక్కదానివి రా' అన్నది నేను చెప్పించింది కాదు. గాజులు మాత్రం నేనే పంపాను. ఒడిబియ్యం బదులు పంపలేదు. చెప్పవలసింది చెప్పలేక ఏదో ఒకటి పంపాను.

శ్రావణం మొదలవగానే, పదకొండో తారీఖు ఆదివారం, ఇద్దరం పొద్దున రైలుకు బయలుదేరి వస్తాం. తలుపు తీస్తే కూర్చుంటాం. తీయకపోతే మధ్యాహ్నం రైలుకు వాపస్ వస్తాం, నిన్ను ఒక్క మాట అనను. బావా, నేను చేసింది చిన్నది కాదు. నీ ముందు నిలబడి నా నోటితో కూడా చెప్తాను.

నర్సింగం


బల్లార్షా
5-8-2013

అన్నకు అనసూర్య రాసేది.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మొదట నేనొక్కదాన్నే చదివాను. నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ కాగితాన్ని పొయ్యిలో వేద్దామని లేచాను. మూడు నెలలన్నా! నా మొగుడు మూడు నెలలు అన్నం సగంలో లేచాడు. నీ జేబులో కాగితం ఉంది. ఆ కోపం ఇంకా ఉంది, వచ్చినప్పుడు చూపిస్తాను. నేను అరిస్తే నీకు వినపడదు కనుక కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తాను.

మధ్యాహ్నం ఆయన వచ్చాక చదివి వినిపించాను. ఉగాది దగ్గరికి వచ్చేసరికి ఆయన తల ఊపాడు. "నాకు ఎర్కే" అన్నాడు. ఏప్రిల్‌లో అటక ఎక్కి ఇనుప మూత మీద చెయ్యి పెడితే కాలిందట. అప్పుడే తెలిసిందట, లోపలిది బతకదని. ఆ సాయంత్రం నువ్వు వదిన వాళ్ళ చుట్టాలందరి ముందు, ఎక్కడుందో చెప్పకుండా, ఆ పెట్టె గొప్పలు చెప్తున్నావు కదా, నలుగురిలో అనడం ఎందుకు, ఇంటికి పోయాక రాయిద్దామనుకుని మర్చిపోయాడట. నీ మే నెల ఉత్తరం వినగానే ఆయనకు అంతా అర్థమైందట.

"మరి చెప్పవేం? నన్ను గూడ ఏడిపిస్తివి గదా!" అని కొట్లాడాను. "చెప్తె ఏమయితది? మీ అన్న ఇంట్ల మీ అన్న తలకాయ దించాలె. నేనంటే బయటోన్ని, ఏడాదికొక్కపారి పోతొస్త. ఆయన రోజు ఆ ఇంట్లనే బతకాలె" అన్నాడు. మీ మగవాళ్ళు ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ నన్ను మధ్యలో పెట్టి ఊపిరాడకుండా చేశారు.

ఆదివారం రండి. తలుపు తీసే ఉంటుంది. వదినను బొట్టు పెట్టనిస్తాను, నేను కూడా పెడతాను. గుండ్ల పేరు గురించి నేనే వదినను పట్టుకుని ఏడవాలి, ఈ గొడవలో ఆమెను ఒక్కసారి కూడా సరిగ్గా ఓదార్చలేదు. ఒడిబియ్యానికి ఈ శ్రావణంలోనే ఇద్దరం వస్తాం. ఆయన ఒప్పుకున్నాడు. దుకాణంలోకి మాత్రం రాను, వైర్లు ముట్టను అన్నాడు. ఆ ఒక్కటి నేను మార్చలేను, నువ్వూ అడగకు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు.

నీ ఉత్తరం నేను మొత్తం చదివి వినిపించలేదు. వదిన నీ ఎదురుగా నిలబడి ఆ మాట అన్నదని, నువ్వు పట్టుకుని కూడా తల దించుకున్నావని రాశావు కదా, ఆ నాలుగు వరుసలు దాటేసి చదివాను. ఎందుకు దాటానో నాకే తెలియదు, నోరు రాలేదు. ఆయన అంతా విన్నాడు. అన్నం తిన్నాడు, మే నెల తర్వాత మొదటిసారి మారు కూడా వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను అడిగాడు: "సంధ్యక్క నన్ను దొంగ అన్నదని నాకు ఎర్కే. బంగారం పోయినోళ్ళు అంటరు. అది గాదు. అన్నప్పుడు నర్సింగం బావ ఆడ ఉన్నడా? ఆయనకు ఇనపడలే గదా?"

పెట్టె గురించి ఈ మూడు నెలల్లో ఆయన నన్ను ఒక్కటీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

వినపడలేదు, ఆయనకు చెవులు లేవు కదా అని చెప్పాను. ఆయన మొహం చూడవలసింది అన్నా. "గట్లయితె మంచిదే" అని పనికి పోయాడు.

ఆదివారం నువ్వు అన్నీ నీ నోటితో చెప్తానన్నావు. పెట్టె సంగతి చెప్పు, మట్టి సంగతి చెప్పు, జేబులో కాగితం సంగతి చెప్పు. ఆయన మళ్ళీ నిన్ను అడుగుతాడు, నాకు తెలుసు. నీకు అర్థం కావాలని కాగితం మీద రాసి నీ ముందు పెడతాడు. అప్పుడు నువ్వు, వినలేదని రాయి.

నీ చెల్లె,
అనసూర్య